గురువారం దాకా ఆగమన్నది నేనే

మా అబ్బాయి పోయి నలభై రోజులైంది. ఆ మంగళవారం పొద్దున జగ్గయ్యపేటలో మా ఇంటి నుంచి నందిగామలో ఉన్న తన టైర్ల షాపుకి బయలుదేరాడు. చిల్లకల్లు దాటాక బండి జారి పడ్డాడు. వెనకే లారీ వచ్చింది. నేను ఐదో తరగతి దాకా చదివినదాన్ని, రాయడం పెద్దగా చేతకాదు. అయినా రాస్తున్నాను. ఊళ్ళో అందరూ ఒకటే మాట అంటున్నారు, కుర్రాడు స్పీడుగా పోయాడని. టైర్ల షాపు పెట్టుకుని తన టైరు తాను చూసుకోలేదని. ఆ మాట పడి ఊరుకోవడం నా వల్ల కాదు.

వాడు స్పీడుగా పోయే మనిషి కాదు. ఆ టైరు వాడిది కాదు.

ఒక్కోరోజు నేను బస్సులో షాపుకి క్యారేజీ తీసుకెళ్ళేదాన్ని. వాడు తినేదాకా స్టూలు మీద కూర్చుని వచ్చేవాళ్ళ మాటలు వినేదాన్ని. చందర్లపాడు నుంచి ఒక పెద్దాయన వచ్చి, "ఎక్కువ రోజులొచ్చే టైరు ఇవ్వబ్బాయ్" అన్నాడు. మావాడు చెయ్యి కడుక్కుంటూ, "ఎక్కువ రోజులు ఉండాల్సింది టైరా, మీరా బాబాయ్?" అన్నాడు. ఆయన ముందు మూతి ముడిచాడు, తర్వాత నవ్వాడు. గట్టి రబ్బరుది చాలాకాలం వస్తుంది గానీ తడి రోడ్డు మీద పట్టు తక్కువ, కాస్త మెత్తటిది త్వరగా అరిగినా మనిషిని పట్టుకుని ఉంటుంది అని ఓపిగ్గా చెప్పేవాడు. టైరు పక్కన అచ్చేసిన అంకెలు చూపించి ఏ ఏడు తయారైందో చెప్పకుండా ఒక్క టైరు అమ్మేవాడు కాదు. బిగించాక ప్రతివాళ్ళకీ ఒకటే మాట: "కొత్త టైరు కొత్తల్లుడండీ. నాలుగు రోజులు మెల్లగా చూసుకోండి, పైన నునుపు పోయాక మన మాట వింటుంది."

నాకూ నేర్పాడు. టైరు మీద లోతుగా కోసినట్టుండే గాళ్ళ మధ్యలో అడ్డంగా చిన్న మెట్టు ఉంటుంది, పైరబ్బరు అరిగి దాంతో సమానమైతే ఆ టైరు పని అయిపోయినట్టే. "హైవే మీద నిటారుగా పోయేవాళ్ళకి నడిమధ్యే అరుగుద్దమ్మా. పక్కన గాళ్ళు కనపడతాయి, బానే ఉందనుకుంటారు" అనేవాడు. నేను పప్పు కలుపుతూ విన్నాను. బండి తోలని నాకెందుకులే అనుకున్నాను.

ఆ సోమవారం మా తమ్ముడు బండి మీద మా ఇంటికొచ్చాడు. మావాడు దాని వెనక టైరు చూసి, "ఏంటి మామయ్యా, గుండు కొట్టించావా దీనికి?" అన్నాడు.

"గాళ్ళు కనపడట్లా? ఇంకో ఆర్నెల్లు తోలొచ్చు" అన్నాడు మా తమ్ముడు.

"ఆర్నెల్లు కాదు, ఆరు మైళ్ళు కూడా తోలొద్దు. రేపు షాపుకి రా, రెండూ కొత్తవి వేసేస్తా."

అప్పుడు నోరు పెట్టింది నేను. రేపు మంగళవారం, ఎల్లుండి అమావాస్య, బండికి కొత్త వస్తువు బిగించే రోజులా అవి, గురువారం వేయించుకోండి అన్నాను. మా ఇళ్ళల్లో అంతే. బండి కొన్నా, చక్రం మార్చినా వారం చూడాలి, నిమ్మకాయ తొక్కించాలి.

"టైరుకి వారాలు తెలుసా అమ్మా?" అన్నాడు.

"పెద్దవాళ్ళ మాటంటే లెక్కలేదు నీకు" అన్నాను. మా తమ్ముడికి అదే కావాలి. "అక్క చెప్పిందిగా, గురువారం చూద్దాంలే" అన్నాడు. నా మాట ఎప్పుడూ తీసెయ్యలేదు మావాడు. ఈ ఒక్కసారి తీసేసి ఉంటే బాగుండేది.

ఆ రాత్రి మా ఇంట్లోనే ఉండిపోయిన మా తమ్ముడికి తెల్లారి పరిటాలలో పని పడింది. బండి తీయబోతే మావాడు తాళం లాక్కుని తన బండి తాళం చేతిలో పెట్టాడు. "నాది తీసుకెళ్ళు. నీది నేను మెల్లగా షాపుకి చేరుస్తా. అమ్మ చెప్పినట్టు గురువారమే బిగిస్తాలే, సరేనా" అని నా వైపు చూసి నవ్వాడు.

సన్నగా తుంపర పడుతోంది. రోజూ సిమెంటు లారీలు తిరిగే దారి అది. రాలిన దుమ్ము తుంపరకి జావలా అయి రోడ్డంతా పరుచుకుంటుంది. వాడు పడ్డచోట టీ బండి పెట్టుకున్న ఆవిడ నాతో చెప్పింది: "మెల్లగానే వచ్చాడమ్మా. ముందు ఆటో ఆగితే బ్రేకు పట్టాడు. వెనక చక్రం పక్కకి తిరిగిపోయింది." కళ్ళతో చూసిన మనిషి మాట ఇది. ఊళ్ళో స్పీడు స్పీడు అనేవాళ్ళలో ఒక్కరన్నా ఆవిణ్ణి అడిగారా?

మా తమ్ముడు పదిమందిలో, "నా టైర్లకేం, బానే ఉండేవి" అంటున్నాడు. మావాడి బండి మీద క్షేమంగా పోయొచ్చిన మనిషి. వచ్చినవాళ్ళంతా రాత అక్కా, రాత పిన్నీ అని వీపు నిమిరారు. రాత అంటే ఎవరూ ఏం చెయ్యక్కర్లేదు కదా, అందుకే అందరికీ ఆ మాట సుఖం. నాకు అక్కర్లేదు. అరిగిన టైరు మార్చనన్నది మా తమ్ముడు. ఆగమన్నది నేను. మా ఇద్దరి మొండితనాన్నీ తన మీదేసుకుని పోయింది వాడు. గురువారం రానే వచ్చింది. అప్పటికి వాడు బూడిదై ఒక రోజైంది. అది ఎంత మంచి రోజో నాకెవరూ చెప్పలేదు.

పెదకర్మ నాడు షామియానా బయట బళ్ళు వరసగా నిలబెట్టారు. లోపల వడ్డన జరుగుతోంది. నేను సుద్దముక్క పట్టుకుని బయటికొచ్చి ఒక్కో టైరూ వంగి చూశాను. మెట్టు దాకా అరిగినవి ఐదున్నాయి. ఐదింటికీ పక్కన అడ్డంగా తెల్లగీత గీశాను.

భోజనాలయ్యాక మా మరిది వరసాయన తన బండి చూసుకుని, "ఇదేంటొదినా?" అన్నాడు.

"నడిపించుకుని పో. ఎక్కొద్దు. మావాడు ఇలాంటిదాని మీదే పోయాడు" అన్నాను.

చెడ్డవాడు కాదు, నా బాధకి ఆయన కళ్ళల్లోనూ నీళ్ళొచ్చాయి. "మార్పిస్తాలే వదినా, మంచి రోజు చూసుకుని" అని బండి స్టార్టు చేశాడు. ఆ తెల్లగీత చక్రంతో పాటు పైకొస్తూ కిందకి పోతూ, పైకొస్తూ కిందకి పోతూ, రోడ్డెక్కాక జోరు పెరిగి తెల్లటి సున్నాలా తిరిగింది. మలుపు తిరిగేదాకా నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను.