కుడితి తాగిన పడవ ఇంజన్

ఆ రోజుల్లో మా జగ్గయ్యపేటలో ఏ ఇంజన్ మొరాయించినా దాన్ని దారిలో పెట్టగల మొనగాడు ఒక్కడే ఉన్నాడని నాకు గట్టి నమ్మకం. ఆ ఒక్కడూ నేనే కావడం వట్టి కాకతాళీయం. పదో తరగతి లెక్కల్లో తప్పిన మర్నాడే పుస్తకాల సంచీలో పానాలు సర్దుకుని బస్టాండు వెనకాల మెకానిక్ షెడ్డులో చేరిపోయాను. (సంచీ వృథా కాకూడదు కదా.) మోపెడ్లు, డీజిల్ పంపులు, ఏవొచ్చినా ముందు విప్పేసేవాణ్ణి. బిగించడం మాత్రం మా ఓనరు పని. ఎప్పుడన్నా నేనే బిగించి, చివర్లో నట్లు కొన్ని చేతిలో మిగిలిపోతే, కంపెనీవాడు ఎక్కువేశాడని చెప్పేవాణ్ణి. మా నాన్న సున్నపురాయి క్వారీ దగ్గర కాటా చూసేవాడు. లారీలన్నీ ఆయన కళ్ళ ముందే తూగేవి. "ఇన్ని లారీలు తూచా గానీ, నా కొడుకు తూకమే తేలట్లేదు" అని అన్నం దగ్గర రోజూ అనేవాడు. మళ్ళీ పరీక్ష రాయమని ఆయన, రాయనని నేను. ఆ ముక్క తప్ప మా ఇద్దరికీ వేరే మాటే ఉండేది కాదు.

ఆ ఎండాకాలంలోనే మా బాబాయి గోనెసంచీలో ఓ వింత జంతువుని చుట్టుకుని చెవిటికల్లు నుంచి దిగాడు. ఆయనకి కృష్ణలో, లంక మీద దోసతోట ఉంది. అటూ ఇటూ తెడ్డు వేసీ వేసీ భుజాలు పడిపోయాయని, పడవ వెనక చెక్కకి తగిలించుకునే చిన్న పెట్రోలు ఇంజన్ ఒకటి ఎవరో వాడి పారేసింది కొన్నాడు. పైన తలకాయ, కింద పొడుగాటి కాలు, కాలి చివర పంకా. అది కొన్నాళ్ళు బాగానే తిరిగి, తర్వాత తాడు ఎంత లాగినా ఉలకడం పలకడం మానేసింది. మా ఓనరు దాన్ని ఓ చూపు చూసి, "నేల మీద తిరిగేవాటితోనే నాకు ఊపిరాడట్లా, నీళ్ళలో తిరిగేవి నాకొద్దండీ" అని దణ్ణం పెట్టేశాడు. నేను మాత్రం ఛాతీ విరిచి, "నేను చూస్తా బాబాయ్, ఇంటికి తెచ్చెయ్" అన్నాను.

ఇంటికి తెచ్చాక మా నాన్న ఇంజన్ చుట్టూ ఒకసారి తిరిగి (తూకం అంచనా వేస్తున్నాడనుకున్నాను), ఒక పందెం వేశాడు. "సరేరా, దీన్ని బాగుచెయ్యి. నన్ను పడవెక్కించి గట్టు మీంచి లంక దాకా దీంతోనే తీసుకెళ్ళు. మధ్యలో తెడ్డు ముట్టుకోకుండా చేర్చావా, జన్మలో నిన్ను పుస్తకం పట్టమనను. తెడ్డు నీళ్ళలో పడిందా, నోరెత్తకుండా పరీక్ష రాయాలి. ఏం తమ్ముడూ?" బాబాయి నవ్వి, "సాక్షిని నేను" అన్నాడు. అప్పటికప్పుడు నాకు ఆ తెడ్డు లెక్కల మాస్టారి బెత్తంలాగా కనపడటం మొదలెట్టింది.

నిజం చెప్పొద్దూ, రిపేరు బాగానే చేశాను. ప్లగ్గు బొగ్గు పట్టి ఉంటే గీకాను. కార్బురేటర్లో పాత పెట్రోలు తుమ్మజిగురులా గడ్డకట్టి ఉంటే కడిగి, ఊదాను. ఇక నడిపి చూడటమే మిగిలింది. బాబాయి ఊరెళ్తూ జాగ్రత్త చెప్పాడు: "దీనికి నీళ్ళు కావాల్రా అబ్బాయ్. కాలి దగ్గరున్న జల్లెడలోంచి నీళ్ళు పీల్చుకుని, ఒళ్ళంతా తిప్పుకుని, వెనకున్న బెజ్జంలోంచి ధారగా వదుల్తది. ఆ ధార ఆగిందో, ఒళ్ళు కాలిపోతున్నట్టే. పొడిగా మాత్రం స్టార్ట్ చెయ్యమాక." సరే, నీళ్ళలోనే నడుపుదాం. కానీ మే నెలలో జగ్గయ్యపేటలో అన్ని నీళ్ళు ఎక్కడివి? కుళాయి రోజు విడిచి రోజు, అదీ దాని ఇష్టం. ఇంట్లో నిండుగా ఉన్నది మంచినీళ్ళ డ్రమ్ము ఒక్కటే. దాని వైపు చూస్తుండగానే వంటింట్లోంచి అమ్మ, "డ్రమ్ము జోలికెళ్ళావంటే చేతులిరగ్గొడతా" అంది. (ఆవిడకి వీపు వెనక కూడా కళ్ళుండేవి.) అప్పుడు కనపడింది, గేదె ముందున్న సిమెంటు తొట్టి. అంచుదాకా కుడితి. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, తవుడు, కూరల తొక్కలు. నీళ్ళు కావాలన్నాడు గానీ ఎలాంటి నీళ్ళో బాబాయి చెప్పలేదు కదా!

తొట్టి అంచుకి చెక్క కట్టి, ఇంజన్ బిగించి, తాడు ఓ లాగు లాగాను. అది పలికింది చూడండీ! వీధి వీధంతా ఉలిక్కిపడింది. పంకా కుడితిని చిలికి గోడకీ, దండెం మీది చీరలకీ, నాకూ సమానంగా పంచిపెట్టింది. వెనక బెజ్జంలోంచి ధార వచ్చింది, కాస్త చిక్కగా. చిక్కగా వస్తే ఇంకా బలమేమో అనుకున్నాను. అమ్మ పరుగెత్తుకొచ్చేసరికి గేదె ఆయిలు తేలుతున్న తొట్టిని ఓసారి వాసన చూసి మొహం తిప్పేసుకుంది. ఆ సాయంత్రం అది పాలు చేపలేదు. ఖాళీ చెంబు నా ముందు టంగుమని పెట్టి, "నా గేదె తాగాల్సింది నీ ఇంజన్ తాగిందిగా, పాలు కూడా దాన్నే పిండుకో పో" అంది అమ్మ.

రెండ్రోజుల తర్వాత ఇంజన్‌కి అమ్మ పాత చీర చుట్టి నాన్నా నేనూ నందిగామ బస్సెక్కాం. కండక్టరు ఆ మూటని చూసి, "ఏందది, మనిషా?" అన్నాడు. "పడవ ఇంజనండీ." "పేటలో పడవలెప్పుడు వచ్చినయ్రా?" "ఇంకా రాలేదండీ, ముందు ఇంజన్లు వచ్చాయి" అన్నాను. బస్సంతా నవ్వింది. నాన్న మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నందిగామలో దిగి, ఆటో పట్టుకుని చెవిటికల్లు చేరేటప్పటికి ఎండ నడినెత్తికి వచ్చింది.

పడవలో బాబాయి తెడ్డు పక్కన పెట్టుకుని ముందు కూర్చుంటే, నాన్న సరిగ్గా మధ్య చెక్క మీద, రెండు చేతులతో రెండు అంచులూ పట్టుకుని, కదలకుండా మెదలకుండా కూర్చున్నాడు. ఎంత హుందాగా ఉన్నాడో అనుకున్నాను. ఇంజన్ మొదటి లాగుకే అందుకుంది. బెజ్జంలోంచి ధార తళతళా పడుతోంది. గట్టు వెనక్కి పోతుంటే నా మెడ పొడుగవుతూ వచ్చింది. "చూడు నాన్నా, లెక్కల్తో పనుందా దీనికి?" అని కూడా అనేశాను. సగం దూరం వచ్చామో లేదో, నాన్న ముక్కు ఎగరేసి, "ఏరా, నది మధ్యన ఎవరో గంజి కాస్తున్నట్టుందే?" అన్నాడు. నాకూ తగిలింది ఆ వాసన. వెనక్కి తిరిగి చూస్తే ధార లేదు. ఇంజన్ గొంతు బొంగురుపోయింది, రెండుసార్లు దగ్గింది, ఆగిపోయింది. అప్పుడు వినపడింది కృష్ణ మీది నిశ్శబ్దం. పడవ తీరిగ్గా దిగువకి జారడం మొదలెట్టింది.

బాబాయి చెయ్యి తెడ్డు మీదికి పోయింది. "బాబాయ్! ముట్టుకోవద్దు!" అని నేను పెట్టిన కేకకి దూరంగా ఉన్న కొంగలు లేచిపోయాయి. "దిగువన వలలున్నయ్‌రా, చిక్కుకుంటాం." "ఇంకా చాలా దూరముంది బాబాయ్, నీకు పుణ్యముంటుంది." ఆయన తెడ్డు ఒళ్ళో పెట్టుకుని, "అసలు దీన్ని ఎక్కడ నడిపావురా?" అని అడిగాడు. చెప్పక తప్పలేదు. ఆయన నవ్వుకి పడవ అటూ ఇటూ ఊగింది. "తవుడు పెట్టావంట్రా! చూలుతో ఉందనుకున్నావా ఏంటి?" లోపల ఎండి అంటుకున్న తవుడు నీళ్ళు తగిలి ఉబ్బి, దారి మూసేసిందన్నమాట. వేడి మీద తాడు లాగితే ఇంజన్ పట్టేస్తుంది, ఆగాలి. ఇంజన్ పైకి ఎత్తి జల్లెడ వేళ్ళతో గీకాను. ఇక బెజ్జం పొడవాలి. సన్నటి తీగ కావాలి. సంచీలో బండ పానాలు తప్ప ఏమీ లేవు. నీళ్ళ మీద తేలే వలల బెండ్లు ఒక్కొక్కటిగా కనపడుతున్నాయి. తెడ్డు మీద బాబాయి పిడికిలి బిగుసుకుంటోంది. నా కళ్ళ ముందు మాత్రం పరీక్ష హాలు.

అప్పుడు నాన్న ఒక చెయ్యి అంచు మీంచి తీసి, మొలతాడు తడుముకుని, దానికున్న పిన్నీసు ఊడదీశాడు. "ఇందా" అన్నాడు. నేను పొడవబోతే, "అట్టా కాదు, ఇటియ్యి" అని తనే వంగి, చెవిలో గుబిలి తీసినంత ఒడుపుగా ఆ బెజ్జంలోంచి తవుడు ముద్దలు లాగసాగాడు. ఒకటి తీసి నాకు చూపించి, "మీ అమ్మ గంజిలో మెతుకులు ఎక్కువ వదుల్తదిరా" అన్నాడు. ఇంజన్ తలకాయ మీద చెయ్యి పెట్టి చూస్తే చల్లబడింది. తాడు లాగాను. దగ్గింది. మళ్ళీ లాగాను. పలికింది! బెజ్జంలోంచి ముందు మురికి, తర్వాత రెండు మెతుకులు, ఆ తర్వాత స్వచ్ఛంగా కృష్ణ నీళ్ళు. వలల అంచు తప్పించుకుని లంక చేరాం. తెడ్డు తడవలేదు. ఇసకలోకి దిగుతూ నాన్న, "గెలిచావు పో" అని మాత్రం అన్నాడు. ఆ రోజు నుంచి పుస్తకం మాట ఎత్తితే ఒట్టు.

సొంత షెడ్డు పెట్టుకున్నాక ఒక రోజు నాన్న వచ్చి కూర్చుంటే అడిగాను. "ఆ పిన్నీసు మొలతాడుకే ఉంచుకుని ఊరుకుంటే గెలిచేది నువ్వేగా నాన్నా, ఎందుకిచ్చావు?" ఆయన టీ గ్లాసులోంచి తలెత్తకుండా, "నాకు ఈత రాదురా" అన్నాడు.

ఇప్పుడు మా షెడ్డులో పడవ ఇంజన్లు నడిపి చూడటానికి శుభ్రమైన నీళ్ళతో నీలం డ్రమ్ము ఒకటి ఉంది. నాన్న అటుగా వచ్చినప్పుడల్లా అందులో చెయ్యి ముంచి, వేళ్ళు వాసన చూసి, ఏమీ ఎరగనట్టు వెళ్ళి కూర్చుంటాడు. మా అమ్మాయి ఈ ఏడు పదో తరగతి. రోజూ భోజనాలయ్యాక లెక్కల పుస్తకం ముందేసుకుని పెన్ను నోట్లో పెట్టుకుంటుంది. నేను వెళ్ళి పక్కన కూర్చుంటాను. "నీకేం అర్థమవుతుంది నాన్నా?" అంటుంది. ఏమీ అర్థం కాదు. మంచం అంచు రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, కదలకుండా మెదలకుండా, హుందాగా కూర్చుంటాను.