కాలిన గుట్ట, ఏడు పుట్టలు

2021 వేసవి. ముళబాగిలు తాలూకాలో బైరకూరు దాటాక ఒక గుట్ట నిలువునా కాలిపోయింది. బోదగడ్డి, లంటానా, తంగేడు అంతా మసి. పదిరోజుల తర్వాత నేను అక్కడికి వెళ్ళాను. నా పని ఫీల్డ్ సర్వే. అడవిలో చిన్న జంతువులు, అంటే ఎలుకలు, చుంచెలుకలు, ఉడుతలు ఎన్నున్నాయో చూసి రాయడం. ఎలుకలు పట్టేది కూడా ఒక ఉద్యోగమేనా అని కేజీఎఫ్‌లో మా వీధివాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీ. పులిని లెక్కబెట్టేవాళ్ళకు దండలేస్తారు. నక్కకూ పాముకూ గుడ్లగూబకూ రోజూ కూడు పెట్టే ఎలుకను లెక్కబెట్టేది మేమే.

నన్ను పిలిపించిన ఆఫీసువాళ్ళకు ఆ గుట్టను జేసీబీతో దున్ని, కంచె వేసి, కలప మొక్కలు నాటాలని ఉంది. దానికి ఒక కాగితం కావాలి. మంట తర్వాత ఇక్కడ ప్రాణి అంటూ ఏదీ మిగల్లేదని అందులో ఉండాలి, కింద నా సంతకం ఉండాలి. కంచె పడితే మొదట వీధిన పడేది మునెమ్మక్క. యాభై దాటిన ఒంటరి మనిషి. ఆమె మేకలకు ఆ గుట్ట తప్ప వేరే మేత లేదు. నాకు దారి చూపడానికి వచ్చింది కూడా ఆమే.

మా పని పద్ధతి చెబుతాను. లైవ్ ట్రాప్ అంటే జంతువుకు దెబ్బ తగలకుండా పట్టే ఇనుప రేకు పెట్టె. జంతువు లోపల అడుగు పెట్టగానే తలుపు పడుతుంది. గ్రిడ్ అంటే నేలను సమానమైన గడులుగా కొలిచి పెట్టుకున్న గుర్తులు. గుర్తుకొక పెట్టె. బెయిట్, అంటే లోపలి ఎర, మాకు వేయించిన చెనిక్కాయలూ రాగిపిండీ కలిపిన ముద్ద. సాయంత్రం పెట్టి తెల్లారగానే చూడాలి. ఎండెక్కితే లోపలున్నది చచ్చిపోతుంది. మూడు రోజులు పొద్దున్నే తిరిగాం. ఒక్క తలుపూ పడలేదు.

మూడోరోజు ఆఫీసు సార్ ఫోన్ చేశారు. "సరోజమ్మా, బేగ ముగించమ్మా. బూడిదలో ఏముంటుంది? సున్నా అని రాయి. రేపు పొద్దున నేనే వచ్చి కాగితం తీసుకుంటా."

పెన్ను తీశాను. దాచుకోవడమెందుకు, తీశాను. పక్కనే మునెమ్మక్క కూర్చుని ఉంది.

"యేమి రాస్తావమ్మా?"

"ఏమీ లేదని, అక్కా."

"యాడ లేదు? పుట్టలకాడ జూసినావా?"

అప్పుడు గుర్తొచ్చింది. గ్రిడ్‌లో ఏడు గుర్తులు సరిగ్గా పుట్టల పక్కనే పడ్డాయి. ఆ ఏడు చోట్లా పెట్టెను దూరంగా జరిపేశాను. ఎవరూ జరపమనలేదు. పుట్ట దగ్గర ఇనుము పెట్టకూడదని మా అమ్మ చిన్నప్పుడు చెప్పింది నా చేతుల్లో అలాగే ఉండిపోయింది. నోట్‌బుక్‌లో కూడా రాయలేదు. సిగ్గుతో తల తీసేసినట్టయింది.

దగ్గరికి పోయి చూశాం. పుట్ట మొదట్లో బూడిదమీద గింజలంత అడుగులు, మధ్యలో తోక ఈడ్చిన గీత. గడ్డి మంట ఉరుకుతూ దాటిపోతుంది. జానెడు లోతున మట్టి అంతగా వేడెక్కదు. బొరియల్లో ఉన్నవి చాలావరకు బతుకుతాయి. వాటికి అసలు కష్టం తర్వాతే. తిండి ఉండదు, దాక్కోవడానికి పొద ఉండదు, పైన గద్దలు తిరుగుతుంటాయి. భూమిలోకి దిగి బతుకు సంపాదించిన బంగారు గని కార్మికుల ఇంట్లో పుట్టినదాన్ని, ఈ మాట నాకే ముందు తట్టాలి కదా!

సాయంత్రం పెట్టెలు తీసుకుని పుట్టల దగ్గరికి పోతే మునెమ్మక్క అడ్డం నిలబడింది.

"ఇనుము వద్దమ్మా. సామి ఊరుకోడు."

"జేసీబీ పళ్ళు కూడా ఇనుమేనక్కా. అది వస్తే పుట్టే ఉండదు."

ఆమె మేకల దగ్గరికి పోయింది. తర్వాత చెంబుతో మేకపాలు తెచ్చి పుట్టమీద పోసింది. "సామీ, నీకాడ ఉండే బిడ్డల్ని లెక్కబెట్టుకోని మళ్ళీ ఇడిచిపెడతారంట. కోపం జేసుకోవద్దప్పా," అంది. నేనూ చెంపలేసుకుని పెట్టెలు పెట్టాను.

తెల్లారి చూస్తే ఏడింటిలో ఐదు తలుపులు పడి ఉన్నాయి! మొదటి పెట్టెలో జెర్బిల్. పెద్ద కళ్ళు, తోక చివర కుచ్చు ఉండే ఎలుక. గుడ్డసంచిలోకి తీసుకుని పొట్ట చూశాను. చన్నులు ఉబ్బి ఉన్నాయి.

"అయ్యో, బాలింతమ్మా! ఇడిచెయ్, ఇడిచెయ్! లోపల పిల్లలు ఏడస్తా ఉంటాయి," అని మునెమ్మక్క నా భుజం పట్టి ఊపేసింది. ఫోటో తీసి వదిలేశాను. ఒక్క దూకులో బొరియలో పడింది. మా ఇద్దరికీ కళ్ళనీళ్ళు ఆగలేదు.

అంతలో సార్ జీపు దిగి పైకెక్కి వచ్చారు. మిగిలిన నాలుగు పెట్టెలూ ఆయన ముందే తెరిచాను. రెండు జెర్బిళ్ళు, ఒక చుంచెలుక, మీసాలు మాడిన ముళ్ళ ఎలుక ఒకటి.

"ఎలుకలే కదమ్మా!"

"ఎలుకలే సార్. ఎలుకల సర్వేకే కదా నన్ను పిలిచింది? ఏనుగులు కావాలంటే ముందే చెప్పాల్సింది."

"మరి మూడు రోజుల సున్నా?"

"అది నా తప్పు. పెట్టెలు జరిపింది నేనే అని నా పేరుతోనే రాస్తాను. దానికింద ఈ ఐదూ రాస్తాను."

ఆయన ముఖం మాడిపోయింది. "ఇంగ మా ఆఫీసులో నీకు పని ఉండదు, చూసుకో."

"ఉండకపోతే పోనీ సార్. ఈ కాగితం మాత్రం ఇట్లాగే వస్తుంది."

ఆయన బూట్ల బూడిద దులుపుకుని దిగిపోయారు. వెనకనుంచి మునెమ్మక్క, "జాగ్రత్తప్పా, బొక్కలు ఉండాయి, తొక్కేవు!" అని అరిచింది.

జేసీబీ రాలేదు. ఆ ఆఫీసునుంచి నాకు పిలుపూ రాలేదు. వానలయ్యాక నా సొంతానికి వెళ్ళి చూశాను. లేతగడ్డి వచ్చింది, బయలునేల ఇష్టపడే జెర్బిళ్ళు అంతటా కనిపించాయి. దట్టమైన పొద కావలసినవి ఇంకా రాలేదు. వాటికి ఏళ్ళు పడుతుంది. వాటికోసం గుట్ట ఆగాలి, గుట్టకోసం మనం ఆగాలి.

ఇప్పుడు కొత్తగా చేరేవాళ్ళకు పని నేర్పుతున్నాను. ఎవరైనా సున్నా రాసుకొస్తే తిట్టను. "భయంతోనో భక్తితోనో బద్ధకంతోనో పెట్టె పెట్టకుండా వదిలేసిన చోటు చూపించు," అంటాను. అక్కడ కూడా పెట్టి చూసి వచ్చేదాకా, ఎవరు ఫోన్ చేసినా సరే, ఆ కాగితంమీద నా సంతకం పడదు.