దోమతెర నెట్టు

నేను కుట్టిన జాకెట్టు చంక దగ్గర పట్టేసిందని నిన్న ఒకామె అందరి ముందు వెనక్కి ఇచ్చింది. సిగ్గేసి, ఇక కుట్టొద్దనుకున్నాను. మిషన్ మీద కప్పుదామని, మొన్న ఊళ్లో పంచిన, దోమల మందు పట్టించిన దోమతెర విప్పాను. ఆ మందు వాసనకు చర్ల దగ్గరి మా పుట్టింటి ఊరు గుర్తొచ్చింది.

అప్పట్లో మా అన్న, అతని దోస్తులు ఇలాంటి దోమతెరనే నెట్టులా కట్టి వాలీబాల్ నేర్చుకున్నారు. చర్లలో పోటీకి పోయి చిత్తుగా ఓడారు.

"దోమతెరోళ్లు వచ్చిండ్రురా. ఇగ దోమలు కొట్టుకుంట పోండ్రి" అని జనం నవ్వారు.

ఆట చూడటానికి వెళ్లి ఆ జనంలోనే ఉన్న నేను తల ఎత్తలేదు. ఓడినవాళ్లను మళ్లీ ఆడనివ్వరని అనుకున్నాను.

తెల్లారి చూస్తే అన్న మళ్లీ తెర కడుతున్నాడు.

"ఓడిపోయినం గదన్నా. ఇంకెందుకు కడ్తున్నవ్?"

"వాళ్ల సర్వీసు ఎట్లొస్తదో నిన్ననే గద తెలిసింది. ఇంట్ల కూసుంటే తెలుస్తదా? ఆ కొస పట్టు చెల్లె."

ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, కొస పట్టుకున్నాను. అన్నకు సిగ్గు లేదనుకున్నాను అప్పుడు.

ఇప్పుడు దోమతెర మడిచి పక్కన పెట్టాను. జాకెట్టు ఎక్కడ పట్టేసిందో ఆమె చెప్పనే చెప్పింది. నా సిగ్గు ఇంకా పోలేదు. అయినా చంక దగ్గర కుట్టు విప్పుతున్నాను.