పూరీలైపోయిన పల్లె

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తప్పుతాయన్న వైటూకే భయం పుణ్యమా అని కాన్‌బెర్రాలో మా రెండు గదుల ఫ్లాట్ నిండా ప్రోగ్రామర్లే. మా ఆయనకి ఉద్యోగం దొరికింది. ఆయన స్నేహితులు నలుగురు ఇంకా దొరకక మా హాల్లో పడుకునేవారు. కంప్యూటర్ గాలి సోకనిదాన్ని నేనొక్కదాన్నే. యూనివర్సిటీలో పురావస్తు శాస్త్రం చదువుతున్నాను. అదీ ఎప్పుడో మధ్యయుగంలో జనం వదిలేసి పోయిన ఇంగ్లండు పల్లెల గురించి.

"ఊళ్ళో ఎవరూ లేరు కదా వదినా, ఇంక చదవడానికేముంది?" అని నలుగురూ పళ్ళికిలించేవారు. నాకు ఒళ్ళు మండేది. ఆ పేపర్ తప్పితే బుద్ధిగా కంప్యూటర్ కోర్సులో చేరతానని మా ఆయనకి మాటిచ్చి ఉన్నాను మరి.

గట్టెక్కాలంటే ఒక పాడుబడ్డ పల్లె నమూనా చేసి చూపించాలి. మైదాలో ఉప్పు కలిపి ముద్ద చేసి, పెద్ద ట్రేలో పరిచాను. ఇళ్ళుండిన చోట మిట్టలు, వీధి ఉండిన చోట పల్లం, చర్చి దిబ్బ, చేపల చెరువు, అన్నీ వేళ్ళతోనే తీర్చాను. పగుళ్ళు రాకుండా తడిగుడ్డ కప్పి ఫ్రిజ్‌లో పెట్టాను.

ఎంత తెలివితక్కువ పని! మా ఇంట్లో తడిగుడ్డ కింద పిండి ఉందంటే దానికి అర్థం ఒక్కటే. పొద్దున స్నానం చేసి వచ్చేసరికి ఇల్లంతా నూనె వాసన.

"వదినా, బ్రేక్‌ఫాస్ట్ మేమే చేసేశాం, మీరు రిలాక్స్ అవండి. పూరీలు సూపర్‌గా పొంగాయి. సాల్టే కొంచెం ఎక్కువేశారు."

చర్చి దిబ్బ లేదు. వీధికి ఒక పక్క ఇళ్ళన్నీ మాయం. నాకు ఏడుపొచ్చేసింది.

"క్లాస్ మధ్యాహ్నమే కదా వదినా, ఇంకోటి చేసేద్దాం," అన్నాడొకడు.

"పిండి ఏదీ? మీ పొట్టల్లో ఉంది!" అని అరిచి, మిగిలిన సగం ఊరు పట్టుకుని బస్సెక్కాను.

లెక్చరర్ ట్రే మీదికి వంగి చాలాసేపు చూశారు. "మిగతావాళ్ళంతా చెక్కుచెదరని పల్లెలు తెచ్చారు. తర్వాతి కాలంలో రైతులు దున్నేస్తే నిజంగా మిగిలేది ఇంతే. ఈ విధ్వంసం ఎంత సహజంగా ఉంది! నీకెలా తోచింది?" అని అడిగారు.

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను కూడా. "చాలా రోజులు ఆలోచించాను," అన్నాను.

క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు నాకే. ఇంక కంప్యూటర్ కోర్సు ఊసెత్తొద్దని మా ఆయనకి చెప్పేశాను. ఆ నలుగురికి మాత్రం మార్కుల సంగతి చెప్పకుండా వారం రోజులు తిడుతూనే ఉన్నాను.