బండ చుట్టూ నీళ్లు

ఒమన్‌లో మా కంపెనీ మూతపడి, ఇంటికి పంపే కాగితాల కోసం క్యాంపులో ఎదురుచూస్తున్న రోజులవి. మెస్ కూడా బంద్ అయింది. నేనూ, సిరిసిల్లలో బట్టలు నేసే సాంచాలు నడిపి వచ్చిన రాజేశమన్నా చేపలైనా దొరుకుతాయని గాలాలు పట్టుకుని, వాగు సముద్రంలో కలిసే చోటికి మొదటిసారి వెళ్లాం.

కోరుట్ల దగ్గర మా ఊరి చెరువులో చేపలు పట్టినవాణ్ణి కాబట్టి చోటు నేనే చూశాను. తడి ఇసుకకు అవతల ఒక బండ, దాని పక్కన లోతైన మడుగు. నడిచి వెళ్లి కూర్చున్నాం. రెండు చేపలు పడ్డాయి.

"నడిసచ్చిన తొవ్వ ఏడున్నది తమ్మీ?" అన్నాడు అన్న.

వెనక్కి చూస్తే ఇసుక లేదు, అంతా నీళ్లే. సముద్రానికి పోటు ఉంటుందని చెరువు మనుషులం మాకేం తెలుసు?

అన్నకు ఈత రాదు. నా లుంగీతో ఇద్దరి నడుములూ కలిపి కట్టి దిగాను. నీళ్లు గొంతు దాకా వచ్చాయి.

"నా బిడ్డకు, మీ నాయిన నీళ్లల్ల పోయిండని చెప్పకు. పని మీద ఉన్నడని చెప్పు" అన్నాడు అన్న.

"నడువన్నా, కాళ్లు ఆనుతున్నయి" అన్నాను.

ఎలాగో ఒడ్డున పడ్డాం. చేపలు బండ మీదే ఉండిపోయాయి. ఆ రోజూ పస్తే.

తిరిగొచ్చి ఏళ్లయింది. ఇప్పటికీ మా చెరువులో గాలం వేసే ముందు నీటి అంచున ఒక రాయి పెడతాను. అది మునగదని తెలుసు. అయినా మాటిమాటికీ దాన్నే చూస్తుంటాను.

– ఓ పాఠకుడు, కోరుట్ల