గోడ మీద తెలుగు

మనవళ్ల వేసవి సెలవులకు వేలూరు కోట చూద్దామని వెళ్లి, ఆస్పత్రి వీధిలో ఎస్టీడీ బూత్ పైనున్న చిన్న లాడ్జిలో గది అడిగాం. గది శుభ్రంగా ఉంది. గోడ మీద మాత్రం పెన్సిల్‌తో తెలుగు వరుసలు, వాటికి కుంకుమ బొట్లు.

"బిడ్డను ఆస్పత్రికి తెచ్చినమ్మ దినామూ రాస్తా ఉండె. రామకోటి అనుకోని సున్నం కొట్టించలా, నేనే బొట్లు పెడతా ఉండా. మాకు తెలుగు మాట్లాడను వస్తాది గానీ చదవను రాదు. ఏముండాదమ్మా?" అంది లాడ్జి ఆమె.

ఆ ఏడే వయోజన బడిలో అక్షరాలు దిద్దిన నేను కూడబలుక్కుని చదివాను. "పాప రెండిడ్లీలు తినింది. పాప గంజి తాగింది. పాప నీళ్లు తాగింది." ఆ తర్వాత గోడ ఖాళీ.

"పోయేటప్పుడు ఆయమ్మ ఒకతే పోయినాది," అందామె. "పిల్లకాయలకు ఈ గది వద్దులేమ్మా."

పక్క గదిలో దిగాం. పొద్దున కోటకు బయల్దేరుతూ చూస్తే, ఆ గోడ మీద కుంకుమ కొత్తగా పెట్టి ఉంది.