వాన మాట ఉన్న ప్రతి మెయిలూ

బెళుగుప్ప దగ్గర మా పల్లెలో ఆ ఏడు వేరుశనగ విత్తే ముందు నాకొక ఉబలాటం పుట్టింది. వ్యవసాయాధికారుల వాన కబురు నా మెయిల్‌కు వచ్చేది. దాన్ని నాయనకూ, చుట్టుపక్కల మరో పది మంది రైతులకూ విడివిడిగా పంపేదాన్ని. బడిలో పాఠాలు చెప్పుకునే మనిషిని, ఒక్క రోజు మరిచిపోతే వీధిలో అందరికీ జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది. అందుకని మెయిల్ తనంతట తానే పదకొండు మందికీ పోయేలా ఏర్పాటు చేయాలనుకున్నాను.

ఒక్కో చిరునామా చేర్చినప్పుడల్లా అవతలివాళ్ల మెయిల్‌కు ఒక కోడ్ వెళ్తుంది. అది నాకు చెబితేనే వాళ్లు ఒప్పుకున్నట్టు. రెండు సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగి, ఇచ్చినచోటల్లా మజ్జిగ తాగి, కోడ్‌లు రాసుకొచ్చాను. అధికారులు కబురు పంపే చిరునామా మాటిమాటికీ మారేది. కాబట్టి ‘వాన’ అన్న మాట కనిపించిన ప్రతి మెయిలూ అందరికీ పోవాలని నియమం పెట్టి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

మరుసటి రోజు బడికి సెలవు. మిట్టమీద గాలిమరలు నిద్రలో నడుస్తున్నట్టు తిరుగుతున్నాయి. వసారాలో వేడిగాలికి కళ్లు మూతలు పడుతుంటే పెన్న ఒడ్డునున్న పామిడి నుంచి అతని మెయిల్ వచ్చింది. రెండేళ్లుగా మేం రాసుకుంటున్న సంగతి మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు.

“మీ ఊర్లో వాన పడిందా? ఈడ ఏట్లో ఇసకే. మా ఇంట్లో చెప్పేసినా. మీ నాయన్ను అడిగేదానికి ఎప్పుడు రావల్ల? ఆయన కాదంటే నువ్వు రావని నాకు తెలుసు.”

నిజమే, నాయన కాదంటే నేను కదలలేను. అయినా ఫోన్ గుండెమీద పెట్టుకుని, కళ్లు మూసుకుని, అతని పక్కన పెన్న ఇసుకలో చాలా దూరం నడిచాను. అరికాళ్లకు చల్లగా తగిలింది కూడా. అంతలో ఫోన్ మోగింది. నాయన తమ్ముడు, మా చిన్నాయన.

“పాపా, ఈసారి వాన మెయిలు వేరే మాదిరి ఉండాది. మన పక్క పడతాదో లేదో మాత్రం రాయలే.”

అతని మెయిల్ పదకొండు మందికీ పోయిందని అప్పుడు వెలిగింది నాకు. మా సీమలో పెళ్లి కబురైనా, చావు కబురైనా వాన పడిందా అని అడక్కుండా ఎవరూ మొదలుపెట్టరు. పుట్టినప్పటి నుంచి వింటున్న ఆ మాటనే తీసుకెళ్లి నియమంలో పెట్టాను. సిగ్గుతో చచ్చిపోయాను. సిగ్గుకన్నా భయం ఎక్కువైంది.

పొద్దు వాలాక నాయన పొలం నుంచి వచ్చాడు. కాళ్లు కడుక్కుని, మంచమ్మీద కూర్చుని, కళ్లద్దాలు పెట్టుకుని, ఫోన్‌లో ఆ మెయిలంతా మెల్లగా చదివాడు. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను.

“ఈ పిల్లోడు అడిగినదానికి జవాబు రాసినావా?”

“లేదు నాయనా.”

“ఇంకా పడలేదని రాయి. పడకముందే రమ్మను. పడినాక విత్తనం పనిలో నాకు మాట్లాడే తీరిక ఉండదు.”